చెట్టుకో ఇంగ్లీషు మాట

సిరిసిల్లలో నేను చేసే ఉద్యోగం గురించి చెబితే మా చుట్టాలు నమ్మరు. చీర విప్పి, చూసి, దాని గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు రాయాలి. ఆ మాటలు ఫోనులో చీర బొమ్మ కింద పడతాయి. ఎక్కడో బెంగుళూరులో ఎవరో అవి చదివి, మనసు పారేసుకుని, చీర కొనుక్కుంటారు. మొన్న మా సేటు నూట ఇరవై చీరలు ఒకేసారి నా ముందు కుప్ప పోసి, "ఒక్కోదానికి ఒక్కో తీరు ఎందుకమ్మా, అన్నింటికి బ్యూటిఫుల్ అని కొట్టు. పొద్దుగూకె వరకు అయిపోతది" అన్నాడు.

నాకు చెయ్యి ఆడలేదు. ఇందులో వృత్తిధర్మం లాంటిదేమీ లేదు. చిన్నప్పుడు ఆ మాట అన్నందుకు గోడ దిక్కు తిరిగి నిలబడిన గంటలన్నీ కలిపితే ఒక ఏడాది హాజరు పడుతుంది. ఇప్పటికీ ఎవరైనా "బ్యూటిఫుల్" అంటే నా మోకాళ్ళు నొప్పి పెడతాయి.

మా ఊరు కొడిమ్యాల మండలంలో. బాపు తాళ్ళు ఎక్కి కల్లు గీసేవాడు. ఊరికి పడమటి దిక్కున తాటివనంలో మా వాటాకు ఇరవై మూడు చెట్లు. అమ్మ బీడీలు చుట్టేది. మా ఇంట్లో పొద్దున తునికాకు వాసన, సాయంత్రం కల్లు వాసన. ఈ రెండింటి మధ్య పెరిగిన పిల్ల ఇంగ్లీషులో గొప్పదవుతుందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాపు వాడికి ఆ పూట కల్లు పోసేవాడు కాదు, ముందే ఎక్కువైందని.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త ఇంగ్లీషు సారు మా పాలిట పడ్డాడు. మనిషి సన్నం, గొంతు లావు. మొదటి రోజే నల్లబల్ల మీద నాలుగు మాటలు రాశాడు. గుడ్, నైస్, బ్యూటిఫుల్, వెరీ. మాకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం అంతే కాబట్టి, మమ్మల్ని గౌరవించి రాశాడనుకున్నాం. తర్వాత వాటి మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి గీ నాలుగు సచ్చిపోయినయ్. ఎవలి నోట్లె ఇవి వినవడ్డయో, గోడ దిక్కు తిరిగి నిలవడాలె. వేరే మూడు మాటలు దొరికినంకనే కూసోవాలె" అన్నాడు.

ఒక్క గీతతో మా భాషకు అంత్యక్రియలు అయిపోయాయి. తరువాత వారం రోజులు క్లాసులో సగం మంది గోడతోనే పాఠం విన్నారు.

చలికాలం వెళ్తుండగా సారు నన్ను ఒక్కదాన్నే పిలిచి సంగతి చెప్పాడు. కోరుట్లలో ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. ఎనిమిదో తరగతికి మా మండలం నుంచి ఒక్క పిల్లనే తీసుకుంటారు. పరీక్ష జగిత్యాలలో. అయితే రాత పరీక్ష కాదు. ఏదో ఒక వస్తువు ముందు పెట్టి, దాన్ని ఇంగ్లీషులో వర్ణించమంటారు.

మా బడి ఏడుతో ఆగిపోతుంది. సీటు రాకపోతే ఏమవుతుందో మా ఇంట్లో ముందే తీర్మానం అయింది. సిరిసిల్లలో ఉన్న మేనత్త బాపుకు ఫోన్లో చెప్పేసింది. "పోరిని నా దగ్గరికి తోలు తమ్మీ. బడి పక్కపొంటే ఉన్నది. పొద్దుగాల మగ్గానికి ఇన్ని కండెలు చుట్టిపెడ్తది, బడికి పోతది."

మేనత్త మంచి మనిషే. కానీ అంతకు రెండేళ్ళ ముందు "బడి పక్కపొంటే" అని వెళ్ళిన మా చిన్నబాపు కూతురికి ఆ బడి గేటు రంగు ఏమిటో ఇప్పటికీ తెలియదు. నూలు రంగులు మాత్రం అన్నీ తెలుసు.

అమ్మ చాటలో ఆకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది. "ఆడ కండెలు, ఈడ బీడీలు. మన ఇంట్ల ఆడోళ్ళ చేతులకు చుట్టుడే రాసిపెట్టి ఉన్నది. దీని చేతికన్న పెన్ను చిక్కాలె."

ఇంత మంచి మాట విన్నాక ఎవరికైనా కళ్ళు చెమర్చాలి. చెమర్చేవే, కానీ అంతలో అమ్మకు తంబాకు ఘాటు ముక్కుకెక్కి తొమ్మిదిసార్లు తుమ్మింది. మేం లెక్కపెడుతూ కూర్చున్నాం.

సారు తన సొంత డిక్షనరీ శనివారం సాయంత్రం నాకు ఇచ్చి, సోమవారం పొద్దున తీసుకునేవాడు. దానికి అట్ట లేదు, మొదటి ఇరవై పేజీలు లేవు. నేను పోతరాజులా ఊగుతూ బట్టీ పట్టాను. ఒక్కో మాటను కనబడిన దాని మీదల్లా ప్రయోగించాను. మా బర్రెను ఎలిగెంట్ అన్నాను. అది నా వైపే చూస్తూ పేడ వేసింది. ఆదివారం నేర్చిన మాట బుధవారానికల్లా ఇల్లు ఖాళీ చేసి పోయేది. మామిడి పిందె పడేనాటికి నా తలలో మిగిలినవి పదకొండు మాటలు. అందులో నాలుగింటికి అర్థం గుర్తులేదు.

అట్లాంటి ఒక సాయంత్రం బాపుకు తినడానికి సర్వపిండి పట్టుకుని వనానికి పోయాను. గిరాకీలు వరసగా కూర్చుని ఉన్నారు. మా దగ్గర గ్లాసులుండవు. తాటాకును దొన్నెలా మడిచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుంటే బాపు కల్లుకుండ, అదే లొట్టిలోంచి పోస్తాడు. దాన్నే రేక అంటారు. పులిసిన కల్లు వాసన, ఎండిన మట్టల వాసన, ఎవరో కాగితంలో తెచ్చిన ఉప్పు గుడాల వాసన. వరసలో మొదటివాడు ముక్కు తాత. ఊళ్ళో అందరికంటే పెద్ద ముక్కు ఆయనది, దాన్ని ఆయన ఊరికే పెట్టుకోలేదు. రేకను ముందు ముక్కు దగ్గర పెట్టి, కళ్ళు మూసి, ఒక గుక్క తాగి, అప్పుడు తీర్పు చెప్పేవాడు.

"గిది గట్టు మీది చెట్టుది గదరా? మొదాలు తియ్యగ మాట్లాడ్తది. పొద్దుగూకినంక తలకాయ పట్టుకుంటది. అచ్చం మా వియ్యంకుడే."

పక్కనే కండక్టర్ కాక. బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి, ఇప్పటికీ ఏది మాట్లాడినా దిగేవాళ్ళకు చెప్పినట్టే ఉంటుంది. "బాయికాడి చెట్టు సంగతి జెప్పు తాతా!"

"అది నోరిప్పనిది. దినమంత కూసున్నా లొట్టిల సగం నింపది. గని రాల్చిన రెండు సుక్కలు మాత్రం, ఆహా."

నా చేతిలో సర్వపిండి అట్లాగే ఉండిపోయింది. నోరు విప్పనిది అంటే రెటిసెంట్. తియ్యగా మోసం చేసేది డిసెప్టివ్. ఈ రెండు మాటలూ నేను మూడు వారాలుగా బట్టీ పట్టి, మూడు వారాలుగా మరిచిపోతున్నవే. డిక్షనరీలో వాటికి అర్థాలున్నాయి. ఇక్కడ వాటికి మొఖాలున్నాయి, వేర్లున్నాయి, ఎక్కడున్నాయో అడ్రసు కూడా ఉంది.

జెండా పండుగకు బడికి వేయగా మిగిలిన సున్నం ఒక డబ్బాలో మూలన ఉండేది. దాన్ని దొంగతనం చేశాననడం అన్యాయం. అడగకుండా తెచ్చాను. మరునాడే గట్టు మీది చెట్టు మొదట్లో, సర్కారు నంబరు కింద, డిసెప్టివ్ అని రాశాను. బావి దగ్గరిదానికి రెటిసెంట్. లొట్టి పొంగి పొర్లే చెట్టు ఎగ్జుబరెంట్. రోజుకో రుచి ఇచ్చే తిక్కల చెట్టు కాప్రిషస్. ఒంటరిగా, వంగి, కొంచెం ఉప్పగా కారేది మెలంకలీ.

చిక్కేమిటంటే, బాపు నాకు చుక్క కల్లు కూడా పోసేవాడు కాదు. చెట్ల రుచులు నాకు తెలియవు. తెలిసినవాళ్ళ నోళ్ళు తెరిపించడం తప్ప దారి లేదు. ఇరవై మూడు చెట్లకూ ముక్కు తాతను సాక్షిగా నిలబెట్టి అడిగాను.

"గిది వగరున్నది బిడ్డా."

"వగరంటే ఎట్ల వగరు తాతా? జామపిందె వగరా, నేరేడు పండు వగరా?"

"వగరంటే వగరే గదనే!"

"గట్ల గాదు. నాలుక మీద పట్టిందా, గొంతుల పట్టిందా?"

తాత బాపు వైపు తిరిగాడు. "ఏందిరా నీ బిడ్డ? పోలీస్‌స్టేషన్ల గూడ గిట్ల అడగరు."

బాపు నవ్వలేదు. కత్తి నూరుకుంటూ ఒక చట్టం చేశాడు. "అడిగినదానికి సక్కగ చెప్పుండ్రి. ఉత్తగ మంచిగున్నది అన్నోనికి రెండో రేక పొయ్య."

మా వనంలో అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆ రోజు నుంచి గిరాకీలు ఒక్కో గుక్కకూ ఆగి, అంగిలికి నాలుక ఆనించి, ఆకాశం వైపు చూసి, వాదించుకుని చెప్పడం మొదలుపెట్టారు. "పచ్చి పల్లికాయ పొట్టు వగరు" అని ఒకరంటే, "కాదు, తుమ్మబంక వగరు" అని ఇంకొకరు. ఒకసారి కండక్టర్ కాక ఒక చెట్టు కల్లు గురించి "చలికాలం పొద్దున మొదటి బస్సు సీటు లెక్క సల్లగున్నది" అన్నాడు. దానికి తగిన మాట కోసం నేను రెండు ఆదివారాలు వెతికాను.

నెల తిరిగేసరికి బాపు, గిరాకీలు అందరూ చెట్లను నేను రాసిన పేర్లతోనే పిలవసాగారు. "ఇయ్యాల మెలంకలీ ఎక్కినవా?" "కాప్రిషస్‌ది వద్దురా, నిన్న కడుపుల తిప్పింది." "రెటిసెంట్‌ది నాకొక రేక ఆపు, అల్లుడు అచ్చిండు." వెల్గటూరు నుంచి వచ్చిన ఆ అల్లుడు ఈ సంభాషణ విని, వీళ్ళకు ఇప్పటికే బాగా ఎక్కిందని తేల్చుకుని, తాగకుండానే లేచి పోయాడు.

ఒకరోజు చెట్ల నంబర్లు చూసుకోవడానికి ఆబ్కారీ జవాను వచ్చాడు. నంబరు కింద ఇంగ్లీషు అక్షరాలు చూసి చేతికర్రతో కొట్టి అడిగాడు. "గిదేం రాత? ఎవలు రాసిండ్రు? ఏం కోడు ఇది?"

నేను లొట్ల వెనక్కి జరిగాను. ముక్కు తాత నెమ్మదిగా లేచాడు. "కోడు గాదు సారు. ఆ చెట్టు గుణం. గీ వంగినది సూడుండ్రి, మెలంకలీ. పెండ్లాం సచ్చినోని లెక్క నిలవడలేదా?"

జవాను చెట్టు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఇక బాపు పని అయిపోయిందనుకున్నాం. "ఇంకోసారి చెప్పు తాతా, మెలం...? మా పోరగాడు ఇంగ్లీషుల తప్పిండు" అని రాసుకున్నాడు. పోయేముందు ఇంకో ఆరు చెట్లు తిరిగి రాసుకున్నాడు.

పరీక్షనాడు జగిత్యాల బస్టాండులో దిగేసరికి ఊరంతా మామిడిపండ్ల వాసన. లారీలు, గడ్డి పరిచిన బుట్టలు, అరుపులు. సారు నన్ను ఒక పెద్ద బడిలోకి తీసుకుపోయి వరండాలో కూర్చోబెట్టాడు. మా మండలం నుంచి తొమ్మిది మంది వచ్చారు. నేను తప్ప అందరికీ బూట్లున్నాయి. గది తలుపు తీసే ఉంది. లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో మీసాల సారు, ఆయన పక్కన కళ్ళజోడు మేడం, ఇటు ఒక ముసలి సారు. బల్ల మీద స్టీలు పళ్ళెంలో ఒక మామిడిపండు. అదీ వర్ణించాల్సిన వస్తువు.

ఒక్కొక్కరు పోయి వచ్చారు. ప్రతి ఒక్కరికీ అది పండ్లలో రాజే. బంగారు రంగు, తియ్యన, రసం, అమోఘం. నా ముందు పోయిన రిబ్బన్ల పిల్ల ఇంగ్లీషు వానలాగా కురిసింది. ఒక్క చినుకు కూడా నాకు అర్థం కాలేదు. బయట మా సారు గొడుగు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాడు. నేను మనసులో కండెలు చుట్టడం మొదలుపెట్టాను.

నా వంతు వచ్చింది. పండు ముందు నిలబడ్డాను. బట్టీ పట్టిన ఒక్క మాటా రాలేదు. ఏం చేయాలో తోచక, తోచనప్పుడు మా వనంలో ఏం చేస్తారో అదే చేశాను. పండు తీసి ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకున్నాను.

వాసన లేదు.

ఊరంతా గుబాళిస్తుంటే ఈ పండుకు వాసన లేదు. బొటనవేలితో నొక్కాను. రాయి. తిప్పి చూశాను. చుట్టూ ఒకే పసుపు, రంగు డబ్బాలో ముంచినట్టు. నాకు వాక్యాలు రావు కాబట్టి మాటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. "యూనిఫామ్." మీసాల సారు తల ఊపాడు. "ఓడర్‌లెస్." తల ఆగింది. "అన్‌యీల్డింగ్." ఇంకా, అన్నాడు. గట్టు మీది చెట్టు కళ్ళ ముందు నిలబడింది. "డిసెప్టివ్."

"ఏందీ?" ఆయన ఇంగ్లీషు వదిలేశాడు. "ఏం మాట్లాడ్తున్నవమ్మా? పొద్దుగాల నేనే దగ్గరుండి ఏరి తెచ్చిన పండ్లు ఇవి. ఇంటికి గూడ రెండు డజన్లు పంపిన."

కళ్ళజోడు మేడం కిటికీలోంచి బయటికి చూడసాగింది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. నాకు సిరిసిల్ల బస్సు హారను కూడా వినపడింది. సరే, పోయేదెట్లాగూ పోతుంది, అనుకుని, "ప్లీజ్ టేస్ట్ సర్" అన్నాను. ఆ ఒక్క వాక్యం మాత్రం వచ్చింది.

మేడమే చాకు తెప్పించి కోసింది. లోపల టెంక చుట్టూ తెల్లగా, పచ్చిగా ఉంది. మందు పెట్టి మాగించిన కాయ. మీసాల సారు పంతానికి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఒక కన్ను మూసుకుంది. మీసం ఒక పక్కకు పోయింది.

"ఎట్లుంది సార్?" అని మేడం అడిగింది.

"నాట్ గుడ్" అన్నాడు ఆయన, మింగలేక.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ రెండు నెలల అలవాటు. "గట్ల గాదు సార్. పులుపా, వగరా? వగరైతే జామపిందె వగరా, నేరేడు వగరా?"

మీసాల సారు నన్ను చూశాడు. తర్వాత, దేవుడు చల్లగా చూడాలి ఆయనను, నిజంగానే అంగిలికి నాలుక ఆనించి, పైకప్పు వైపు చూసి, ఆలోచించాడు.

"జామపిందె" అన్నాడు.

"యాస్ట్రింజెంట్" అన్నాను.

ముసలి సారు బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. మేడం ఏదో రాసుకుంది. "ఎక్కడ నేర్చుకున్నవమ్మా ఈ మాటలు?" అని అడిగింది. "తాటివనంల మేడం" అన్నాను. ఆమె పెన్ను ఆగింది. "ఇరవై మూడు చెట్లున్నయ్" అని వివరంగా చెప్పాను. అంతకన్నా వివరం నాకూ తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పేరు చదివారు. నాదే. సారు వరండాలో గొడుగు కింద పారేసి నా భుజాలు పట్టుకుని, "వెరీ గుడ్! వెరీ వెరీ గుడ్!" అని కేకేశాడు. మరుక్షణం ఆయన మొఖం మారింది. గొడుగు తీసుకుని, పోయి, గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు. వేరే మూడు మాటలు దొరికే వరకు తిరగలేదు. బస్సు తప్పిపోయింది.

ఇంకో బస్సు పట్టుకుని ఊళ్ళో దిగి, ఇంటికి కూడా పోకుండా వనానికి పరుగెత్తాను. బాపు చెట్టు మీద ఉన్నాడు. నడుముకు మోకు, చేతిలో కత్తి, కాళ్ళు చెట్టుకు అంటుకుపోయి ఉన్నాయి. పైనుంచే అడిగాడు.

"ఏమైందే?"

"నాకే అచ్చింది బాపూ! కోరుట్ల!"

"ఆ? ఇనవడ్తలేదు!"

"సీటు అచ్చింది! నాకే!"

"గాలికి ఇనవడ్తలేదు బిడ్డా, గట్టిగ జెప్పు!"

గాలి లేదు. ఆకు కదలడం లేదు. కానీ అప్పుడు అవన్నీ చూసేంత తెలివి నాకెక్కడిది. గొంతు చిరిగిపోయేలా అరిచాను. "కొడిమ్యాల మండలానికి మొత్తం ఒక్కటే సీటు! అది నాదే!" ముక్కు తాత రేక విసిరేసి లేచాడు. కండక్టర్ కాక ఈల వేశాడు. వరికోతల్లో ఉన్న ఆడవాళ్ళు నడుము ఎత్తి చూశారు. రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు ఆగింది. బీడీల చాట సంకలో పెట్టుకునే అమ్మ పరుగెత్తి వచ్చింది. పైన బాపు మాత్రం మళ్ళీ గెల వైపు తిరిగి, చెక్కాల్సిన పని చెక్కి, లొట్టి కట్టి, ఎప్పటిలాగే నిమ్మళంగా దిగాడు. ఆయన తొందరపడలేదని నాకు ఎన్ని రోజులు కోపముందో.

ఇప్పుడు ఆ వనం లేదు. అక్కడ ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. ముక్కు తాత పోయాడు. మెలంకలీని కొట్టేసిన రోజు పొద్దున నేను కోరుట్లలో పరీక్ష రాస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. బాపు మోకాళ్ళు అరిగి చెట్లెక్కడం మానేశాడు. పోయిన నెల సిరిసిల్లలో నా గదికి వచ్చి, రెండో అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కింద వీధిలో ఇద్దరు ఏదో గుసగుసలాడుకుంటున్నారు.

"ఆ ఎర్రంగి తొడుక్కున్నోడు అబద్ధమాడుతున్నడు" అన్నాడు.

"నీకెట్ల ఇనవడ్డది బాపూ? నాకే ఇనవడలేదు."

"నలభై ఏండ్లు చెట్టు మీద ఉన్న. పైకి మాట సక్కగ అస్తది బిడ్డా. కింద ఎవలు ఎవలిని ఏమన్నరో, గుసగుస గూడ ఇనవడ్తది."

నేను ఆయన కుర్చీ దగ్గరికి జరిగాను. "మరి ఆ దినం నన్ను మూడుసార్లు ఎందుకు అరిపిచ్చినవ్?"

బాపు వీధి వైపే చూస్తున్నాడు.

"నాకొక్కనికి ఇనవడితె సాలుతదా? ఊరికి ఇనవడద్దా?"